భద్రమ్మ అని పిలిచెటోళ్లు

అక్కా,

ఎట్లున్నవ్? మోకాళ్లు తప్ప నేను మంచిగనే ఉన్న. నువ్వు పోయినంక రెండు మిరప పంటలు ఇంటికొచ్చినయ్, మూడోది పూత మీదున్నది.

నీ మనవరాలు స్వాతికి బిడ్డ పుట్టింది. పురుడు నీ కొడుకు ఇంట్లనే. మొన్న తొట్టెల, పేరు పెట్టుడు గూడ చేసినం. దాని మొగడు సారపాక మిల్లుల సెలవు పెట్టి వచ్చిండు. అయ్యగారు నక్షత్రం చూసి, పేరు 'భ'తోటి రావాలన్నడు. కునుకు తీస్తున్నోణ్ని నేను నిటారుగ కూసున్న. ఇంకేం కావాలె అక్కా? నీ పేరే గదా!

మన చిన్నప్పుడు బజార్ల నిలబడి భద్రమ్మా అంటే నాలుగిండ్ల తలుపులు తెరుచుకునేటియి. భద్రాచలం రాముల వారికి మొక్కుకున్నంక పుట్టినోళ్లంత మొగపిల్లగాడైతే భద్రయ్య, ఆడపిల్లయితే భద్రమ్మ. ఎవరెవరో తెల్వాలె గనుక పొట్టి భద్రమ్మ, బావికాడి భద్రమ్మ, కోపాల భద్రమ్మ అనెటోళ్లు. కోపాల భద్రమ్మవు నువ్వే. ఇన్నేండ్లు నన్ను అనుమానించినవ్ గని, ఆ పేరు పెట్టింది నేను కాదు, బావ.

తర్వాత కోస్తా దిక్కు నుంచి రైతులొచ్చిండ్రు. వాళ్లెంట విజయలక్ష్ములు, పద్మావతులు వచ్చిండ్రు. మనోళ్లకు అవి రుచయినయ్. ఆ ఎనుక సినిమాలు చూసి స్వాతులు, శ్రావణిలు. తల్లాడల మన మేనమామ అయితే బర్రెకు లక్ష్మి అని పెట్టిండు, మనిషి పేరు బర్రెకేందని అత్త అలిగి పుట్టింటికి పోయింది... అది వేరే ముచ్చట. ఇప్పటి పేర్లు పలకాలంటే నోట్ల పండ్లుండాలె. నాకేమో కింద రెండే మిగిలినయ్.

స్వాతి ఫోన్ల ఎతికి 'భవిష్య' అని అప్పటికే ఖాయం చేసుకున్నది. నేను నలుగురి ముంగట భద్రమ్మ అని పెట్టమన్న. ఎవ్వలు నవ్వలె, అది గూడ మర్యాదే. స్వాతి మంచి పిల్ల. తాత మాట తీసెయ్యలేక, బడిల భవిష్య, తొట్టెల పేరు భద్రమ్మ అని ఒప్పుకున్నది. సంబరానికి షుగర్ సంగతి మరిచి లడ్డు తిన్న.

లడ్డు గొంతు దిగినంక అడిగిన, ఇంట్ల ఏమని పిలుస్తవ్ బిడ్డా అని. చిన్ని అని పిలుస్తదట. నాయనమ్మ పేరు పట్టుకొని పిల్లను ఎట్ల తిడతం తాతా అన్నది.

అక్కా, స్వాతికి గూడ తొట్టెల మనం పెట్టింది భద్రమ్మనే, యాదికున్నదా? అత్త పేరు నోట రానియ్యనని నీ కోడలు చిన్ని అన్నది. బడిల పంతులు అడిగితే స్వాతి అని రాయించిండ్రు. నీ పేరు ఆ తొట్టెల్నే ఉండిపోయింది. ఇన్నొద్దులు సినిమాలు తినేసినయ్ అనుకున్న ఆ పేరును. కాదు... మన మర్యాదే తినేసింది. ప్రతి ఇంట్ల పెద్దల మీద ప్రేమతోటి పెట్టిండ్రు, ఆ ప్రేమతోటే నోరు కట్టేసుకున్నరు. పిలువని పేరు ఎన్నొద్దులు బతుకుతది?

నాకు దవాఖాన యాదికొచ్చింది. నీ చివరి రోజులు. బెంచి మీద కూసున్నం, లోపల్నించి నర్సమ్మ భద్రమ్మా అని కేకేసింది. ఎవరో పాపం ముసలామె అని నేను అటు ఇటు చూసిన. నీ కొడుకు గూడ లేవలె. నువ్వే నా చెయ్యి గిచ్చినవ్.

"నన్నేరా పిలుస్తున్నది."

నొప్పితోటి లేస్తూ లేస్తూ నవ్వినవ్. "కన్న అవ్వ పోయినంక నన్ను పేరు పెట్టి పిలిచింది ఈ పిల్లనేరా."

బావకు నువ్వు 'ఏమేవ్'. పిల్లలకు అమ్మ. నాకు అక్క. ఆ నవ్వు ఎందుకో నాకు అప్పుడు సమజ్ కాలె. సమజయితే మాత్రం ఏం జేసేటోణ్ని?

అందుకే స్వాతికి చెప్పిన, పిలిచేటట్టయితే పెట్టు, లేకుంటే వద్దు అని. నాకు నోరు రాదు తాతా అని అది ఏడ్చింది. ఆఖరికి తొట్టెల ఒక్క భవిష్య అనే పిలిచిండ్రు. ఇంటిదాక వచ్చిన పేరును ఎల్లగొట్టిన్నని నీ కొడుకు నాతోటి సక్కగ మాట్లాడుతలేడు.

మంచి పని జేసిన్నా అక్కా? తొట్టెల వరకన్న ఉండనిస్తే ఏం పోయేది? బావికాడామె పోయిన ఎండాకాలం పోయింది. ఇప్పుడు మన ఊర్ల భద్రమ్మ అన్న మనిషే లేదు...

పిల్ల మాత్రం అచ్చం నీ నుదురే. మనోళ్లు అప్పుడే చిన్ని, బుజ్జి అని మొదలుపెట్టిండ్రు. నేను అనను. రోజూ వాళ్ల గడప కాడికి పోయి, బజారంత ఇనేటట్టు భవిష్యా అని పిలుస్తున్న. ఇయ్యాల తల తిప్పి చూసింది. నా గొంతు ఉన్నన్ని రోజులు పిలుస్త, నీకు మాటిస్తున్న.

నీ తమ్ముడు