ఏడింటి మిస్డ్ కాల్

ఎంగ్కోబో,
మార్చి 9

నా బేలేకి,

ఇక్కడ అందరం కులాసా. మీ అమ్మగారి మోకాళ్ళు చలి రాకముందే మొరాయిస్తున్నాయి. మొక్కజొన్న కంకులు ఈసారి చిన్నవే, గింజ మాత్రం గట్టిది. ఒక సంగతి ఫోన్లో అడగలేను, ఆవిడ ఎప్పుడూ పక్కనే ఉంటారు. అందుకే ఈ ఉత్తరం రాసి కేప్‌టౌన్ బస్సు డ్రైవరు చేతికి ఇస్తున్నాను.

నాలుగేళ్ళ క్రితం లోకల్ రైల్లో మీ ఫోను మూడోసారి పోయినప్పుడు మీరు క్లినిక్ నర్సుతో, "నా భార్య నంబరు రాసుకోండి, ఊళ్ళో దాని ఫోను ఎవడూ కొట్టేయడు" అన్నారట. అప్పటినుంచి మీ బీపీ మెసేజ్‌లు నాకే వస్తున్నాయి. సాయంత్రం ఏడింటికి మెసేజ్ అడుగుతుంది: "ఈ రోజు మాత్ర వేసుకున్నారా? వేసుకుంటే 1, లేకపోతే 2 పంపండి." నేను మీకొక మిస్డ్ కాల్ ఇస్తాను. మీరు మాత్ర మింగి తిరిగి ఒకటి ఇస్తారు. నేను 1 కొట్టి, నోటుబుక్కులో తేదీ వేసి టిక్కు పెడతాను. మీ తమ్ముడి భార్యకు ఇదొక వేళాకోళం. "మాటా పలుకూ లేకుండా కాపురం చేస్తున్నావే అక్కా! ట్రింగుమంటే మొగుడు, ట్రింగుమంటే పెళ్ళాం!" అంటుంది. అననీండి. ఆ ఒక్క మోత వింటే మీరు నా పక్కనే నీళ్ళు తాగి గ్లాసు కింద పెట్టినట్టుంటుంది నాకు.

నాలుగేళ్ళలో టిక్కు లేని రోజులు పదకొండు. ఎందుకు లేదో ప్రతిదాని పక్కనా రాసి ఉంది.

నిన్న మరోరకం మెసేజ్ వచ్చింది. జనవరి, ఫిబ్రవరి మాత్రలు మీరు తీసుకెళ్ళలేదట, వెంటనే రమ్మంటున్నారు. నోటుబుక్కు తీశాను. జనవరిలో ముప్పై ఒకటి, ఫిబ్రవరిలో ఇరవై ఎనిమిది టిక్కులు, ఒక్కటీ తప్పలేదు. డిసెంబరు 31న, సెలవులు అయి మీరు బయల్దేరేనాడు డబ్బాలో తొమ్మిది మాత్రలున్నాయి, నా చేత్తో లెక్కపెట్టాను. తొమ్మిది మాత్రలు యాభై తొమ్మిది రోజులు ఎలా వచ్చాయి బేలే?

క్లినిక్ వాళ్ళదే పొరపాటయి ఉంటుంది. అదే నిజమని ఒక్క ముక్క రాయండి.

మీ
నోసఖేలె

*

ఎంగ్కోబో,
మే 2

మ్జుకిసి,

బేలే అని వంశం పేరుతో పిలవకుండా ఇలా మొదలుపెట్టినందుకు నీకు కోపం రావచ్చు. రానీ.

"క్లినిక్ కంప్యూటరు పాడైంది, ఊరికే కంగారుపడకు" అని జవాబు రాశావు. నమ్మాలనే చూశాను. కానీ తొమ్మిదిని ఎన్నిసార్లు లెక్కపెట్టినా తొమ్మిదే. మా అక్కను చూసి వస్తానని మీ అమ్మకు చెప్పి కేప్‌టౌన్ బస్సెక్కాను.

ఖయెలిత్శా పేటలో నీ గది తలుపు ఎవరో అమ్మాయి తీసింది, పేరు జోలెకా అంది. నువ్వు గోదాము కాపలాకు వెళ్ళావు. నన్ను చూసి నీ అక్కననుకుంది. "ఊరినుంచా వదినా? రండి, రండి. చెబితే బస్సు దగ్గరికే వచ్చేదాన్ని కదా!" అంటూ కుర్చీ మీద బట్టలు తీసింది. నేను కాదనలేదు. టీ ఇచ్చింది. చక్కెర రెండు చెంచాలు వేసింది. మంచి పిల్లే. పొయ్యి మీద చిక్కుళ్ళు ఉడుకుతున్నాయి, గోడకు నేను ఇస్త్రీ చేసి పంపిన నీ చొక్కా వేలాడుతోంది.

ఏడైంది. సంచిలో నా ఫోను చిన్నగా కదిలింది. నాలుగేళ్ళ అలవాటు, నా వేలు దానంతట అదే నీ నంబరు నొక్కింది. గూట్లో పాత ఫోను మోగింది.

జోలెకా లేచి, దాన్ని కట్ చేసి, తిరిగి ఏదో నొక్కింది. "ఆయన ఆఫీసు వాళ్ళు వదినా. రోజూ ఇదే టైముకు మోగిస్తారు. తిరిగి ఒకసారి మోగించి పెట్టెయ్యమన్నాడు. హాజరు వేసుకుంటారట" అంది.

నా సంచిలో ఫోను మోగింది.

ఆమె సంచిని చూసింది, తర్వాత నా మొహం చూసింది. "మీరు... ఆఫీసా?"

నాకు నవ్వొచ్చింది. "అవునమ్మా. నాలుగేళ్ళుగా నేనే హాజరు వేస్తున్నాను."

ఊళ్ళో నీకు పెళ్ళాం లేదని ఆమెతో చెప్పావట. లేని మనిషిని నేను రోజూ ఆమె ఇంట్లో మోగుతూనే ఉన్నాను. మాత్రల సంగతి అడిగితే తల వంచుకుంది. "వేసుకోడక్కా. అవి మగవాణ్ణి చల్లబరుస్తాయట. నా దగ్గరికి వచ్చిన కొత్తలోనే మానేశాడు. తెచ్చినవి పారేసేవాడు, ఈ ఏడాది తేవడమూ మానేశాడు" అంది.

ఊరికి వచ్చిన ప్రతి డిసెంబరులోనూ అవి బుద్ధిగా వేసుకున్నావు. గోడవైపు తిరిగి పడుకుంటే, పాపం, ఏడాదంతా నిలబడి కాపలా కాసిన ఒళ్ళు అనుకుని నీ కాళ్ళు పట్టాను. నా దగ్గర నువ్వు చల్లబడినా ఫర్వాలేదు, ఆమె దగ్గర పనికిరాదు. నన్ను కొట్టినా ఇంత అవమానం అనిపించేది కాదు.

నువ్వు డ్యూటీ దిగకముందే వచ్చేశాను. మర్నాడు మీ క్లినిక్‌కు వెళ్ళి ఆ 1లు నీవి కావని చెప్పాను. జవాబులివ్వడంలో నువ్వే అందరికన్నా ముందున్నావని నర్సు చూపించింది. "ఎంగ్కోబోలో కూర్చుని ఆయన మింగాడో లేదో ఎలా చూస్తారమ్మా? ఒకే ఇంట్లో ఉండేవాళ్ళ నంబరు కావాలి. ఆయనతో ఎవరుంటారు?" అంది. జోలెకా పేరు చెప్పాను. ఆమె నంబరు నా నోటితో అంకె తర్వాత అంకె చెప్పాను. "ఆమె ఆయనకేమవుతుంది?" అని అడిగింది. "అది ఆయన్నే అడగండి" అన్నాను.

ఇక నా ఫోను ఏడింటికి మోగదు. నీ బతుకు నీది. నోసఖేలె అంటే ఇల్లు నిలబెట్టేది, పెళ్ళినాడు మీవాళ్ళు పెట్టిన పేరు. ఈ కాగితం కింద అది రాయడానికి చెయ్యి రావడం లేదు. మా అమ్మ పెట్టిన పేరొకటి ఉంది.

బుయెల్వా

*

ఎంగ్కోబో,
ఆగస్టు 17

మ్జుకిసి,

ఇది నీకు చదివి వినిపించేది జోలెకా అని తెలుసు. అమ్మాయ్, తొందరపడకుండా చదువు. అతని మొహం కనిపించేలా కూర్చో.

నీకు పక్షవాతమని, కుడివైపంతా పడిపోయిందని, మాట రావడం లేదని జోలెకాయే ఫోన్ చేసింది. ఒకటే ఏడుపు. "మెసేజ్ వచ్చినప్పుడల్లా '1 కొట్టి పారెయ్' అనేవాడక్కా. కొట్టేశాను" అంది. ఆమెను ఏమనను? నేనూ కొట్టినదాన్నే.

మీ అన్న ఇద్దరు పెద్దల్ని వెంటబెట్టుకుని వచ్చి పశువుల దొడ్డి దగ్గర కూర్చున్నాడు. "బేలే మనిషి పరాయిచోట పడి ఉండకూడదు. తీసుకొస్తాం. గది సిద్ధం చెయ్యి" అన్నాడు. ఆలోచించి రేపు చెబుతానన్నాను. "ఆలోచనేమిటి? నిన్ను అడగడానికి రాలేదమ్మా, చెప్పిపోదామని వచ్చాం" అన్నాడు.

కుదరదని చెప్పెయ్యాలనే అనుకున్నాను. తెల్లారాక తలనొప్పికి మాత్ర అడుగుదామని మన క్లినిక్‌కు నడిచాను. నర్సు ముందుగా నా చేతికి బీపీ పట్టీ చుట్టింది. నూట ఎనభై నాలుగు, కింద నూట పన్నెండు. మళ్ళీ చుట్టింది. అదే లెక్క.

"ఎన్నాళ్ళనుంచీ ఈ తలనొప్పి?"

"మే నెలనుంచి."

"రోజూ ఏడింటికి నోటుబుక్కు పట్టుకుని కూర్చునేదానివి, ఒక్కసారి నీ చెయ్యి చూపించుకోవాలని తోచలేదా తల్లీ?"

తోచలేదు. ఆ నోటుబుక్కులో నా పేరు ఎక్కడా లేదు.

నాకూ మెసేజ్‌లు పెడతారట. కాగితం మీద రెండు గళ్ళున్నాయి: ఒకటి రోగి నంబరు, రెండోది కనిపెట్టుకుని ఉండే మనిషి నంబరు. "భర్తది రాయనా?" అంది. నా నంబరే మళ్ళీ చెప్పాను. "ఇది మీదే కదా?" అంది. "నాదే. రెండింట్లోనూ అదే రాయండి" అన్నాను.

తిరిగొచ్చేటప్పుడు మీ అన్న ఇంటిముందు ఆగాను. శనివారం బస్సులో తీసుకురమ్మన్నాను. నిన్ను క్షమించి కాదు. మింగిస్తే నువ్వు బతుకుతావని నాకు తెలుసు. తెలిసి ఊరుకోవడం నాకు చేతకాదు. అయితే రోజూ ఏడింటికి వచ్చి నిన్ను ఎత్తి కూర్చోబెట్టాల్సింది ఆయనే అన్నాను.

"నేనా?" అన్నాడు.

"బేలే మనిషి కదా బావగారూ, పడి ఉండకూడదు" అన్నాను. టోపీ సర్దుకున్నాడు.

జోలెకా, గూట్లో పాత ఫోను నువ్వే ఉంచుకో. అతని సంచిలో పెట్టకు.

మ్జుకిసి, ఇక్కడ ఏడింటికి మోగేది నా ఫోను, వచ్చేది నా మెసేజ్. నువ్వు మంచం మీద నుంచి చూస్తూ ఉండు. ముందు నా మాత్ర మింగి 1 కొడతాను. తర్వాత నీ నోరు తెరిచి నీది వేస్తాను. మింగావో లేదో నాలుక ఎత్తి చూస్తాను.

బుయెల్వా