పెరటి వైపు గడప లేదు

నాయనా,

ఐరాలలో మన కొత్త ఇల్లు పూర్తయింది. హాలుకూ పెరటికీ మధ్య గోడ లేదు, పక్కకు జరిపే అద్దాల తలుపులే. ప్లాను గీసేటప్పుడు అమ్మ ఇంజనీరుతో, "పెరటి పక్క గడప వద్దప్పా. టైల్సూ వద్దు, గరుకు బండలేయండి. టైల్సయితే మట్టికాళ్లతో వచ్చేవాళ్లకు జారతాది" అంది.

ఇదే అమ్మ, చెరకు తోట నుంచి వచ్చిన నిన్ను ఒక్కరోజైనా మట్టికాళ్లతో లోపలికి రానిచ్చిందా? ఆ గొడవ పడలేక పాత ఇంట్లో నువ్వు పెరటి మెట్టు మీదే కూర్చుని అన్నం తినేవాడివి.

ఈరోజుతో నువ్వు పోయి రెండేళ్లు. అందరూ టేబుల్ దగ్గర తిని లేచాక, అమ్మ తన కంచం తెచ్చుకుని హాలు అంచున కూర్చుంది. "లోపలికి రామ్మా" అన్నాను.

"ఈడే బాగుండాది" అని, కాళ్లు రెండూ పెరటి మట్టిలో పెట్టుకుంది.