అద్దాల కప్పు మీద గుడ్డ

సెవిల్యా, ఆగస్టు 9

అంపారో అక్కకు, నేను బాగానే ఉన్నాను. కప్పు మీద నుంచి పడ్డానని ఎవరన్నా చెబితే నమ్మకు.

ఎక్కిన మాట మాత్రం నిజం. గుడ్డ పరుస్తూ అన్న పైనుంచి పడి చనిపోయాక, నేను పనిచేసే ఈ వృద్ధాశ్రమం వాళ్లు లోగిలి అద్దాల కప్పు మీద పొద్దున్నే గుడ్డ పరిచి సాయంత్రం తీయడం మానేశారు. ఏసీ పెట్టి, పైకిటికీలు బిగించేశారు. మంగళవారం మధ్యాహ్నం కరెంటు పోయింది. ఎండ నిలువునా లోగిట్లోకి దిగింది. కసిల్దా ముసలమ్మ కుర్చీలోనే వాలిపోయి, "ఒరే రెమిహియో, మీ అన్నే ఉంటే మమ్మల్నిలా కొలిమిలో కూర్చోబెట్టేవాడట్రా?" అంది. కప్పెక్కనని నీకిచ్చిన మాట తప్పాను. పాత గుడ్డ మోసుకుని పైకెక్కి, తాళ్లు లాగి కప్పేశాను. కిటికీలు తెరిచాను. కింద నేలంతా నీళ్లు చల్లారు. గంటకల్లా ముసలమ్మ లేచి చల్లటి టమాటా చారు అడిగింది.

ఇకనుంచి రోజూ నేనే పరుస్తాను. తిట్టుకో.

బావ మోకాలు ఎలా ఉంది? అంజూర పళ్లు ఎండబెట్టావా? గుడ్డ రెండుచోట్ల చిరిగింది, అన్న దబ్బనం పంపు. అమ్మకు మాత్రం చెప్పకు. పిల్లలకు ముద్దులు.

అన్న తోలు తొడుగు, కుడిచేతిది, నీ దగ్గరుందిగా, అదీ పంపు. ఎడమచేతిది నాకు పైన గిలక పక్కన దొరికింది.

నీ తమ్ముడు,
రెమిహియో