నా పాదంలో ఎవరిదో ఎముక

జూన్ 11, మంగళవారం. ధర్మవరం.

డిశ్చార్జ్ చేసినారు. హిందూపురం నుంచి కారు వెనక సీట్లో కాలు చాపుకోని వచ్చినా. మా ఆయన రవితేజ, డ్రైవరు కలిసి నన్ను కుర్చీలో కూచోబెట్టి మేడ మీదికి మోసినారు. కింద అంతా మగ్గాలే, మంచం పట్టే చోటు లేదు. పైగది మా ఆయన వాళ్లన్న, శివకృష్ణ బావది. ఆయన పోయినప్పటి నుంచి ఖాళీగానే ఉండాది.

ఫిబ్రవరిలో పెనుకొండ హెల్త్ క్యాంప్‌లో బ్లడ్ శాంపిల్స్ తీసుకోని వస్తాంటే ఆటో బోల్తాపడి ఎడమ పాదం నలిగింది. అప్పుడేసిన స్టీల్ స్క్రూలు నా ఒంటికి పడలే. వాపు, దురద. ఎముక అతుక్కోనేలే. ఈసారి డాక్టర్ ధనుంజయ అవన్నీ తీసేసి, ఖాళీ ఉన్నచోట ఎముక ముక్క పెట్టి, దాన్ని ఎముకతోనే చేసిన స్క్రూతో బిగించినాడు. చనిపోయినోళ్లు దానం చేసిన ఎముకంట. యూరప్‌లో శుభ్రం చేసి, స్క్రూ మాదిరి మరలు తీసి పంపిస్తారంట. నా ఎముకే మెల్లమెల్లగా దాన్ని తనలో కలుపుకుంటుందంట. మళ్లీ తీసే పనే లేదు.

నేను హిందూపురంలో ల్యాబ్ టెక్నీషియన్ని. ఎక్స్-రే అడిగి తెచ్చుకోని మళ్లీ మళ్లీ చూసినా. ఎంత బాగుందో!

జూన్ 14, శుక్రవారం

అత్తమ్మ జడ వేస్తాంటే స్క్రూ సంగతి చెప్పినా. సంతోషంగానే చెప్పినా.

ఆమె చేతులు ఆగిపోయినాయి. "చచ్చినోళ్ల ఎముకా?" అనింది. జడ సగంలో వదిలేసి దిగిపోయింది. కాసేపటికి కింద నీళ్ల చప్పుడు. తలకి పోసుకుంటాంది.

జూన్ 15

అన్నం పళ్లెం గడప అవతల పెట్టి, పిలవకుండా పోయింది. కూచున్నట్టే జరుక్కుంటా పోయి తెచ్చుకున్నా.

జూన్ 23, ఆదివారం

ఆగస్టు దాకా కాలు నేలమీద మోపకూడదన్నాడు డాక్టర్. మెట్లకి రెయిలింగ్ లేదు. కిటికీలో ఎదురింటి గోడ తప్ప ఏమీ కనపడదు. పొద్దస్తమానం కింద మగ్గాల చప్పుడు వింటా పడుకోనుండా.

అత్తమ్మ చెప్పేది ఒకటేనంట. మగ్గం ఉండే ఇల్లు, చౌడమ్మ తల్లి పటం ఉండే ఇల్లు, మైల పనికిరాదు. చావు మైలయితే కొన్నాళ్లకి పోతాది. ఇది కాల్లోనే ఉండాది, ఎట్ల పోతాది అని మా ఆయనతో అన్నదంట.

ఆయన కిందే పడుకుంటాడు. ఆర్డర్లు ఉండాయి అంటాడు. వచ్చినా గుమ్మం దగ్గరే నిలబడతాడు. నా మొహం చూస్తాడు గానీ కాలు మాత్రం చూడడు. ఆమెకంటే ఆయన మీదే నాకి ఎక్కువ కోపం.

గోడ మీద బావ ఫోటో ఉండాది. బైక్ మీద నవ్వుతాండాడు. మూడేండ్ల కింద బెంగుళూరు రోడ్డులో లారీ తగిలి, ఆడి హాస్పిటల్‌లోనే పోయినాడు. అప్పటి నుంచి అత్తమ్మ ఆయన పేరు పలకదు. ఈ గదిలోకి కూడా నా కోసమే వచ్చేది. ఇప్పుడు అదీ లేదు.

జూలై 2, మంగళవారం

హిందూపురంలో రివ్యూ. అత్తమ్మ కూడా వచ్చింది, ముందు సీట్లో. డాక్టర్‌ని నిలబడే అడిగింది, దాన్ని తీసేయమని. ఆయన ఎక్స్-రే లైటు ముందు పెట్టి చాలా ఓపిగ్గా చెప్పినాడు. ఎముక పట్టుకుంటాండాది, ఇప్పుడు తీస్తే పాదం మళ్లీ విరగ్గొట్టినట్టే, ఈ పిల్ల ఇంక సరిగ్గా నడవలేదు అని.

తిరిగొచ్చే దారిలో పెనుకొండ కొండ కనపడినప్పుడు ఏడుపొచ్చింది. మొహం కిటికీ పక్కకి తిప్పుకున్నా.

జూలై 4

అమ్మకి ఫోన్ చేసినా. కదిరిలో అన్న ఇంట్లో ఉంటాది, వాళ్లకి ఉండేదే ఒక గది. అమ్మ ఏడ్చింది. కాస్త సర్దుకోమంది. యాడికని సర్దుకునేది? మంచం మీద నుంచి గోడలోకా?

జూలై 9, మంగళవారం

ఈరోజు జరిగింది జరిగినట్టు రాసిపెట్టుకోవల్ల.

పొద్దున అత్తమ్మ మెట్ల మీద నుంచే గట్టిగా చెప్పింది. అనంతపురంలో ఎవరో డాక్టర్ తీస్తాడంట, రేపు కారు వస్తాదంట. తీయించుకోకపోతే నీ దోవ నువ్వు చూసుకో అనింది. నేనూ అరిచినా. నా కాలు నాది, నేను సంతకం పెట్టను, ఎవరు మోస్తారో మోయండి అని. ఆయన ఆడనే ఉండాడు. ఒక్క మాట అనలే.

మధ్యాహ్నం వచ్చి తలుపు దగ్గర కింద కూచున్నాడు.  తర్వాత చెప్పినాడు.

బెంగుళూరు హాస్పిటల్‌లో బావకి బ్రెయిన్ డెడ్ అన్నరోజు, ఎవరో మేడమ్ వచ్చి దానం అడిగిందంట. కళ్లు, ఎముకలు. బయట బెంచీ మీద అత్తమ్మ సొమ్మసిల్లి ఉంటే, ఈయన ఒక్కడే సరే అన్నాడంట. కాళ్లల్లో ఎముకలు తీసి, ఆకారం పోకుండా కట్టి ఇచ్చినారంట. కుట్లేమిటని అత్తమ్మ అడిగితే పోస్ట్‌మార్టం అని చెప్పినాడంట. ఇన్నేండ్లు అదే మాట మీద ఉండాడు. నా కాలు చూడబోతే వాళ్లన్న కాళ్లే కనపడతాండాయంట.

నాకి జాలేసింది. కోపం కూడా పోలే. పోయి ఆమెకి చెప్పు అన్నా. చంపేస్తాది అన్నాడు. నువ్వు చెప్పకపోతే నేను ఈడ నుంచే అరిచి చెప్తా అన్నా.

లేచి కిందికి పోయినాడు. మగ్గాల చప్పుడులో మాటలు వినపడలే. కొంచేపటికి ఒక మగ్గం ఆగింది. తర్వాత అన్నీ ఆగినాయి.

జూలై 10

కారు రాలే. అన్నం కూడా రాలే. సాయంత్రం ఆయన హోటల్ ఇడ్లీ తెచ్చినాడు. ఎడమ చెంప వాచి ఉండాది.

జూలై 12, శుక్రవారం

అత్తమ్మ గడప దాటి లోపలికి వచ్చింది. మంచం చివర కూచోని కట్టు మీద చెయ్యి పెట్టింది. ఏడ్చింది. ఆ ఏడుపు మనిషిది మాదిరి లేదు. నేను కదల్లే.

పోతాపోతా కట్టు వైపు చూసి, "సల్లగా ఉండు నాయనా" అనింది.

నన్ను కాదు.

జూలై 28, ఆదివారం

ఇప్పుడు నా పని మహారాణి పని. పొద్దున బొరుగుల ఉగ్గాని, బజ్జీ. రాత్రికి రాగి సంగటి. నిన్న పూర్ణం పెట్టి ఓళిగలు. అన్నీ బావకి ఇష్టమైనవే. నాకి ఓళిగలు పడవు, చిన్నప్పటి నుంచీ. పడవు అంటే, "నీకి కాదులే మ్మా, తిను" అంటాది.

పూజ గదిలో హారతి అయినాక పళ్లెం పైకి తెచ్చి నా కాలుకి చూపిస్తాది. మైల అన్న నోటితోనే. ఎదురింటి కమలాక్షమ్మని తోలుకోని వచ్చి చూపించింది. ఆమె దణ్ణం పెట్టబోతే కాలు దుప్పట్లోకి లాక్కున్నా.

ఆయన ఇప్పుడు గదిలోనే పడుకుంటాండాడు. కాలు తగిలితే ఉలిక్కిపడతాడు. అమ్మ మనశ్శాంతిగా ఉండాది, అట్లే ఉండనీ, ఏమీ చెప్పొద్దు అని బతిమాలుతాడు. బావ ఎముక కాదని ఆయనకీ తెలుసు. డాక్టర్ యూరప్ అన్నప్పుడు పక్కనే ఉండాడు.

నేను యాడ ఉండా ఇందులో?

ఆగస్టు 13, మంగళవారం

డాక్టర్ నడవమన్నాడు. అత్తమ్మ నడవనీలే. వాడు అలిసిపోతాడంట. ఇంటికి రాంగానే మెట్ల తలుపు కింద నుంచి గడియ వేసింది. నేను దిగుతాననే భయం.

ల్యాబ్ నుంచి పుష్పావతి మేడమ్ ఫోన్. సెప్టెంబర్ తొమ్మిదిన జాయిన్ కాకపోతే ఇంకొకర్ని తీసుకుంటాం, మా చేతుల్లో లేదు సుధా అనింది. వస్తా మేడమ్ అన్నా. గడియ సంగతి చెప్పలే.

అంటరానిదానిగా ఉన్నప్పుడే నయం అనిపించింది. అప్పుడు కోపమన్నా నా సొంతం.

ఆగస్టు 20, మంగళవారం. పొద్దున 11.

చెప్పేసినా.

ఆమె కాలుకి నూనె రాస్తాంది. అత్తమ్మా, ఇది శివ బావది కాదు, ఈ దేశం మనిషిదే కాదు, యూరప్ నుంచి వచ్చింది, ఎవరో మనకి తెలీని మనిషి అన్నా. ముందు రాత్రంతా తయారు చేసుకున్న మాటలే. మళ్లీ గడప అవతల పళ్లెం అయినా సరే అనుకున్నా.

ఆమె నూనె రాయడం ఆపలే.

"యూరప్ అంటే యాడ?"

చానా దూరం, విమానంలో పోవల్ల అన్నా.

"వానికి పాస్‌పోర్ట్ కూడా తీయించినాం. పోతా పోతా అనేటోడు" అనింది. నవ్వింది కూడా. "పోయి, తిరుక్కోని వచ్చినాడు సూడు."



ఆగస్టు 21

నేనూ ఓళిగలు తిన్నా ఈరోజు.

సెప్టెంబర్ 8, ఆదివారం

రేపు డ్యూటీ. ఆయన్ని ఒక్కటే అడిగినా. నీకి ఆమె భయం ముఖ్యమా, నేనా? ఏదో ఒకటి చెప్పు, ఊరికే నిలబడొద్దు అని.

ఆయన దిగిపోయి గడియ తీసినాడు. చప్పుడు పై దాకా వినపడింది. అత్తమ్మ ఏమో అరిచింది. ఆయన కూడా అరిచినాడు, పెండ్లయినాక మొదటిసారి విన్నా ఆ గొంతు. చానాసేపు నడిచింది. 

గోడ పట్టుకోని ఒక్కొక్క మెట్టే దిగినా. నొప్పి ఉండాది. కాలు నిలబడింది. వాకిట్లో నిలబడి వీధి చూసినా, ఎవరో కొత్త మనిషి మాదిరి.

సెప్టెంబర్ 9, సోమవారం. రైల్లో.

అత్తమ్మ నా పక్కనే కూచోనుండాది. స్టేషన్‌కి సంచి పట్టుకోని నా కంటే ముందే వచ్చింది. వాడు పోయే చోటికి నేనూ వస్తా అనింది. కిటికీ సీటు నాకే ఇచ్చింది. పెనుకొండ దాటినాక నా ఎడమ కాలు మెల్లగా తన ఒళ్లోకి తీసుకోని, "హిందూపురం వస్తాంది నాయనా" అనింది.

వెనక్కి తీసుకోవాలనుకున్నా. తీసుకోలే.