చీపురు తగిలిన రాయి

టామరాక్, మినెసోటా
నవంబరు 9

నా మార్నీకి,

పన్నెండేళ్ళలో నీకు నేను రాస్తున్న మొదటి ఉత్తరం ఇది. కవరు మీద నా చేతిరాత చూసి పొయ్యిలో పడేస్తావేమో. పడేసేముందు ఒక్కసారి చదువు.

నిన్న మన కర్లింగ్ క్లబ్బుకి, మనం మంచు మీద రాళ్ళు జార్చుతూ పెరిగిన చోటికి, వెళ్ళాను. డెబ్బై ఆరేళ్ళొచ్చినా ఓర్విల్ ఇంకా మంచు తనే సిద్ధం చేస్తున్నాడు. వీపున నీళ్ళ డబ్బా కట్టుకుని, వెనక్కి నడుస్తూ మంచు మీద చినుకులు చల్లుతున్నాడు. నన్ను చూడగానే, "రావమ్మా చాంపియనూ! మోకాలికి ఆపరేషనయిందటగా. ఇంక ఊళ్ళో ఆడపిల్లలకి ఆట నేర్పు. పన్నెండుమంది ఉన్నారు, ఒక్కదానికీ చీపురు పట్టడం రాదు. ఇళ్ళల్లోనూ పట్టరట!" అన్నాడు. నెలాఖరుకి చెబుతానన్నాను. రాలేననే చెప్పాలి. ఎందుకు రాలేనో ముందు నీకు చెప్పాలి.

పన్నెండేళ్ళ కిందటి ఆ రాష్ట్ర ఫైనల్లో చివరి రాయి మాది. మా కెప్టెన్ లోర్నా వదిలింది. అది ఇంకాస్త దూరం జారేలా దాని ముందు మంచు ఊడుస్తూ నేను పరుగెత్తాను. అవతల, మంచు మీద గీసిన వలయాల వెనక, మీ జట్టు కెప్టెన్‌గా నువ్వు నిలబడి ఉన్నావు. రాయి వలయంలోకి వచ్చాక దానికి నా చీపురు తగిలింది. చేతికి తెలిసింది మార్నీ. చిన్న వణుకు, అంతే. అలా తగలడం తప్పు, తగిలించినవాళ్ళే చెయ్యెత్తి చెప్పాలి. పదేళ్ళ వయసులో మనిద్దరినీ రాయి ముట్టనివ్వకముందే ఓర్విల్ నేర్పింది అదే. నా చెయ్యి లేవలేదు. రాయి మీ రాయికన్నా రెండు వేళ్ళు లోపలికి, వలయాల నడిమికి దగ్గరగా వచ్చి ఆగింది. మావాళ్ళు నన్ను ఎత్తుకుని తిప్పారు.

గెలిచినవాళ్ళు ఓడినవాళ్ళకి తాగడానికి కొనివ్వాలి కదా, నీకు బీరు తెచ్చాను. "ఏమే, అలా ఊడ్చావు, అడుగున సిమెంటు కనపడుతోంది!" అని ఎగతాళి చేశావు. తరవాత చాలాసేపు నా మొహంలోకే చూశావు. "ఇంకేమైనా చెప్తావా?" అన్నావు. "ఏముందే, మీరూ బాగా ఆడారు" అన్నాను. గ్లాసు ముట్టకుండా లేచి వెళ్ళిపోయావు. ఆ ఏడాదే ఆట మానేశావు.

నేను నాలుగుసార్లు జాతీయ పోటీలకు వెళ్ళాను. మెడలో ఏ పతకం వేసినా అది నీదేననిపించేది. ఆ గెలుపుతోనే కదా నాకు దారి దొరికింది. ఓర్విల్ చెప్పిన మొదటి పాఠం ఇప్పుడు ఆ పిల్లలకు చెప్పడానికి నాకు మొహం లేదు.

సిగ్రిడ్


డులూత్
నవంబరు 15

సిగ్గీ,

పొయ్యిలో వెయ్యలేదు. మా ఇంట్లో పొయ్యి లేదు, హీటరుంది.

నేను చూశాను. రాయికి నాలుగడుగుల దూరంలో నిలబడ్డాను, నాకు కనపడదనుకున్నావా? కానీ ఆ మాట నేననకూడదు, నువ్వే అనాలి. బీరు దగ్గర అడిగింది అందుకే.

ఒక సంగతి మరిచిపోయావు. వలయం దాకా వచ్చిన రాయికి చీపురు తగిలితే దాన్ని తీసెయ్యాలో ఉంచాలో అవతలి కెప్టెన్ ఇష్టం. అంటే ఆ రోజు నా ఇష్టం. నీ చీపురు తగిలేసరికే అది మా రాయికన్నా లోపలికి వచ్చేసి ఆగబోతోంది. "ఉండనీ" అనడానికి సిద్ధంగా ఉన్నాను. నువ్వు చెయ్యెత్తి ఉంటే ఆ మాట అనేదాన్ని, మీరే గెలిచేవాళ్ళు. పతకాలన్నీ నీవే అయ్యేవి. ఇన్నేళ్ళూ దొంగసొమ్ములా మోశావా వాటిని, పిచ్చిదానా!

ఓడిపోయినందుకు నేను ఆట మానలేదు. మళ్ళీ నీకెదురుగా నిలబడితే రాయిని కాకుండా నీ చీపురునే చూస్తుంటానని మానేశాను. చిన్నప్పటినుంచీ నేను చూడాల్సిన అవసరం లేని చీపురు అదొక్కటే.

నీ ఉత్తరం వచ్చిన దగ్గర్నుంచీ "ఉండనీ" అందామని చూస్తున్నాను. నోరు రావడం లేదు. కోపం ఎప్పుడో చల్లారింది. కానీ నేను ఆడకుండా పోయిన పన్నెండు చలికాలాలు ఎవరు తెచ్చిస్తారు?

ఓర్విల్‌కి ఫోన్ చేశాను. నువ్వు వస్తున్నావని చెప్పాను. "దాన్నడిగి చెప్పావా, నాకు చెప్పి అడుగుతావా?" అన్నాడు ముసలాడు. మొదటి రోజు పిల్లల చేతికి రాయి ఇవ్వకముందే ఈ కథంతా చెప్పు, పేర్లు మార్చకుండా. నేను వెనక బెంచీ మీద కూర్చుంటాను. అయ్యాక నాకో బీరు కొను.

చివరిదాకా చెబితే, ఈసారి తాగుతాను.

మార్నీ