మూడుసార్లు పిలిచారట

జూన్ 9, 2025

ఒళ్లు మండిపోతోంది. ఎవరితో చెప్పుకోను? అందుకే రాస్తున్నా.

ఈరోజు కడపలో మా ఆఫీసు క్యాంపు. వినికిడి లేనివాళ్లకు సర్టిఫికెట్లు ఇచ్చే క్యాంపు. మైదుకూరు నుంచి శిరీన్‌ను, వాళ్లమ్మ అబీదా బీని నేనే బస్సెక్కించి తెచ్చాను. సోషల్ వర్కర్‌ని కదా, కాంట్రాక్టు ఉద్యోగమైనా అది నా డ్యూటీ. శిరీన్‌కు పుట్టుకతోనే వినపడదు. టెన్త్ పాసైంది. కర్నూలులో బధిరుల కాలేజీలో సీటొచ్చింది, హాస్టల్‌తో సహా. నెలాఖరులోపు సర్టిఫికెట్ చూపించకపోతే సీటు పోతుంది. సీటు పోతే మర్నాటి నుంచే టమోటా కోతకు పంపుతానని వాళ్ల నాన్న తేల్చేశాడట. బస్సులో అబీదా బీ చెప్పింది.

మధ్యాహ్నం శిరీన్‌ను బెంచీ మీద కూర్చోబెట్టి మేమిద్దరం జిరాక్సుకు పోయాం. తిరిగొచ్చేసరికి ఆ పిల్ల పేరు పక్కన ఆబ్సెంట్! అటెండర్ బొజ్జన్న గుమ్మంలో నిలబడి మూడుసార్లు గట్టిగా పిలిచాడట. పలకలేదట. పిల్ల అతనికి ఎదురుగానే కూర్చుని ఉంది.

అబీదా బీ అరవలేదు. నెమ్మదిగానే అడిగింది.

"వినపడేటట్లుంటే ఈడికి యాల వస్తామప్పా?"

బొజ్జన్న తల గోక్కున్నాడు. డాక్టర్ అప్పటికే కారెక్కి వెళ్లిపోయాడు.

జూన్ 10

మా ఆఫీసర్ శివశంకర్ సార్ దగ్గరికి పోయాను. పద్ధతి ప్రకారమే పిలిచారు, పలక్కపోతే మనమేం చేస్తామన్నాడు. మళ్లీ క్యాంపు జూలైలోనట. సీటు పోతుందంటే, వచ్చే ఏడు చేరొచ్చు కదా అన్నాడు. తన కూతురికైతే ఆ మాట చెప్తాడా? సిగ్గుండాలి.

పైగా ఇరవయ్యో తారీకున మీటింగట. 'సమాజంలో మానవ సేవల పాత్ర'. యామిని తెలుగు బాగుంటుంది, ఐదు నిమిషాలు మాట్లాడనీ అని నా పేరు రాయించాడు.

జూన్ 14

మళ్లీ అడిగాను. మళ్లీ అదే జవాబు.

జూన్ 17, సాయంత్రం

మైదుకూరు పోయాను. శిరీన్ బ్యాగు సర్దేసుకుని తలుపు పక్కన పెట్టుకుంది. ఎప్పుడని సైగ చేసింది. ఏం చెప్పను? అబీదా బీ ఇచ్చిన టీ కూడా తాగకుండా వచ్చేశాను. సేవ అంట, సేవ. ఒకరికొకరు శాలువాలు కప్పుకోవడానికి తప్ప మేమెందుకు పనికొస్తున్నాం?

జూన్ 20

శాలువాలయ్యాయి. బొకేలయ్యాయి. నన్ను పిలిచారు.

మైకు ముందు నిలబడి పేర్లు పిలిచాను. పెదాలే కదిలించాను, గొంతు బయటికి రానివ్వలేదు. శివశంకర్ సార్‌ను మూడుసార్లు. డాక్టర్‌ను మూడుసార్లు. అలా ముందు వరసంతా. వినపడటం లేదని వెనక నుంచి కేకలు. పాపం, బొజ్జన్న పరిగెత్తుకొచ్చి మైకు తట్టి చూశాడు.

అప్పుడు నోరు విప్పాను.

"అందర్నీ మూడేసిసార్లు పిలిచాను సార్. ఒక్కరూ పలకలేదు. ఆబ్సెంట్ వేశాను. జూలైలో రండి."

ఎవరూ నవ్వలేదు. స్టేజీ దిగి వచ్చేశాను.

జూన్ 21

శిరీన్‌ను సోమవారం రమ్మన్నారు. నన్ను సోమవారం నుంచి రావద్దన్నారు.

బస్సెక్కించి తెచ్చేది మాత్రం నేనే.