సౌండ్ తీసేసి

ఫిబ్రవరి 2

ఈ రోజు షోలో బావ, విమానాన్ని నిలువుగా గుండ్రంగా తిప్పే లూప్ తర్వాత, పక్కకి పొర్లించే రోల్ ఎగ్గొట్టాడు. విమానం సూటిగా జనం ముందు నుంచి పోయింది. మైకు నా చేతిలో ఉంది. ఆలోచించలేదు. పైలట్ మీ కోసమే నిదానంగా వస్తున్నాడు, పిల్లల్ని భుజాల మీదికి ఎత్తుకుని చేతులూపండి అన్నాను. మైదానమంతా చేతులూపింది. రోల్ సంగతి ఎవరికీ తెలియలేదు.

ఎయిర్‌షో కామెంటరీలో పనితనమంటే ఇదే. పైన ఏది తప్పినా కింద మాటతో అతుకెయ్యాలి. అతుకు కనపడకూడదు.

దిగాక బావ, మీ ఇంటివాళ్లందరికీ నోరే ఆస్తిరా అన్నాడు. ఆ ఆస్తి చూసే కదా మా అక్కని ఏరికోరి చేసుకున్నావు అన్నాను. రోల్ ఎందుకు మానేశావని అడిగితే గాలి బాగాలేదన్నాడు. మైదానంలో జెండా ఒక్కటి కదిలితే ఒట్టు.

ఫిబ్రవరి 9

మళ్లీ.

లూప్‌లో పైకొసకి చేరగానే బావ రేడియోలో 'టాప్' అనాలి. అది చెవిలో పడగానే నేను నా లైను అందుకుంటాను. ఈ రోజు విమానం ముక్కు నేలవైపు తిరిగి సగం దిగాక అన్నాడు. అదీ నిద్రలోంచి లేపినట్టు. ఈలోగా నేను, ఊపిరి బిగబట్టండి, ఈ సస్పెన్స్ మీ కోసమే దాచాం అని ఏదో వాగాను. ఒకటే చప్పట్లు.

షో డైరెక్టర్ మేడం వచ్చి టైమింగ్ అదిరిందయ్యా అంది. ఎంత పెద్ద విమానాన్నైనా ఒక్క మాటతో దింపేయగల మనిషి. కానీ బావ లూప్‌లో ఉన్నప్పుడు ఆమె వేరే రేడియో ఛానెల్లో తర్వాతి విమానాన్ని సిద్ధం చేస్తుంటుంది, బావ మాట ఆమెకి వినపడదు. నా గొంతు సాఫీగా సాగుతుంటే పైన అంతా బాగున్నట్టే ఆమెకి లెక్క.

ఫిబ్రవరి 10

'టాప్' ఆలస్యం రేడియో తప్పేమో అనుకున్నాను, అది బ్రహ్మాండంగా ఉందట. మెకానిక్ విప్పి మరీ చూశాడు.

ఫిబ్రవరి 13

హ్యాంగర్ వెనక బావని నిలదీశాను. మొదట కసురుకున్నాడు. తర్వాత అక్కడే టైర్ల మీద కూలబడ్డాడు. విమానాన్ని లూప్‌లోకి లాగుతుంటే కళ్ల ముందు బూడిదరంగు కమ్ముతుందట. అది ఈ పనిలో అందరికీ కొద్దో గొప్పో ఉండేదే. బావకి ఈ మధ్య నల్లగా అయిపోతోంది. ఎప్పుడు తేరుకుంటాడో తనకే తెలియదు.

డాక్టర్ దగ్గరికి పోదాం పద అన్నాను. పోతే లైసెన్స్ పీకేస్తారురా, నేల మీద నేనెవడిని అన్నాడు. ఇరవై మూడున పెద్ద షో ఉంది కదా, అదొక్కటి అయిపోనీ, తర్వాత నువ్వేం చెప్తే అది చేస్తా అని చెయ్యి పట్టుకున్నాడు. ఎవరికీ చెప్పనని అక్క మీద ఒట్టు వేయించుకున్నాడు. వేశాను. బుద్ధిలేని వెధవని.

ఫిబ్రవరి 15

అక్క ఫోన్ చేసింది. మీ బావ చెప్పులేసుకోడానికి వంగి గోడ పట్టుకుని అలాగే నిలబడిపోయాడురా, నీకేమన్నా తెలుసా అని అడిగింది. ముసలాడైపోతున్నాడు, కొత్త మొగుణ్ణి చూడమంటావా అన్నాను. నవ్వి పెట్టేసింది.

ఫిబ్రవరి 18, ఉదయం

విమానం పడిపోతే ఏం మాట్లాడాలో మాకు ముందే కంఠస్థం చేయిస్తారు. గొంతు పెంచకూడదు. జనాన్ని నెమ్మదిగా గేట్ల వైపు పంపాలి. పైలట్ పేరు ఎత్తకూడదు. ఈ రోజు స్నానం చేస్తూ ఆ మాటలే గొణుగుతున్నానని చాలాసేపటికి గానీ తెలియలేదు.

బావ చచ్చిపోతాడు. నేను చూస్తూ మాట్లాడుతూనే ఉంటాను. నాకు భయంగా ఉంది. మేడం గది దాకా వెళ్లి వెనక్కి వచ్చేశాను.

ఫిబ్రవరి 20

చెప్పేశాను. ఒట్టు గట్టున పెట్టాను.

మేడం నమ్మలేదు. బావా బావమరుదులకి ఏమన్నా చెడిందా అని అడిగింది. తొమ్మిదో తారీఖు లూప్ నేను కళ్లారా చూశానయ్యా, ఈ సీజన్లో అలాంటిది ఇంకోటి లేదు అంది. కావాలంటే నువ్వే చూడమని వీడియో పెట్టింది. చూశాను. నిజంగానే బాగుంది. నా మాట ముందు నడుస్తుంటే విమానం దాని వెనకే వచ్చినట్టుంది. అంతా తెలిసిన నేనే, బావకేం కాలేదేమో అనుకున్నాను. అప్పుడు ఏడుపొచ్చింది. రిమోట్ లాక్కుని సౌండ్ తీసేశాను. ఇప్పుడు చూడండి అన్నాను.

కామెంటరీ లేకుండా ఆ లూప్ చూడటం నాకూ అదే మొదటిసారి. పైన రెక్క వాలిపోయింది. ముక్కు తనంతట తనే కిందికి తిరిగింది. అందులో నడిపే మనిషి లేడు. నేల దగ్గరపడ్డాక విమానం ఉలిక్కిపడ్డట్టు పైకి లేచింది. మేడం మళ్లీ చూసింది. మళ్లీ వెనక్కి తిప్పి చూసింది. ఇదంతా నువ్వు కప్పేశావా అని అడిగింది. అవునన్నాను.

బావని షోలోంచి తీసేసింది. నన్నూ మైకు ముట్టుకోవద్దంది.

ఫిబ్రవరి 21

బావ ఫోన్ చేశాడు. నాకు బామ్మర్ది లేడు అన్నాడు. అంతే.

ఫిబ్రవరి 23

షో జరుగుతోంది. ఇంజన్ల మోత మా వంటింటి దాకా వస్తోంది. కిటికీలు మూసుకుని కూర్చున్నాను.

అక్క నిన్న బావని డాక్టర్ దగ్గరికి ఈడ్చుకెళ్లిందట. గుండె లయ తప్పుతోంది, తలకి రక్తం సరిగ్గా అందడం లేదు. మందులతో సర్దుకోవచ్చు, విమానం మాత్రం ఈ జన్మకి లేదన్నారట. అక్క ఏడ్చింది. ముందే ఎందుకు చెప్పలేదురా, నేనేమన్నా పరాయిదాన్నా అని తిట్టింది. తిట్టినంతసేపూ ఫోన్ చెవికి ఆనించుకునే ఉన్నాను. బావ అన్నం ముట్టడం లేదట. మనిషిని బతికించానో లేదో నాకు తెలియడం లేదు.

ఫిబ్రవరి 27, మధ్యాహ్నం

అక్కవాళ్లింటికి వెళ్లాను. బావ గోడవైపు తిరిగి పడుకుని ఉన్నాడు. అక్క నాకు కుర్చీ వేసి బయటికి వెళ్లిపోయింది. బావ ఇటు తిరక్కుండానే, ఏదో ఒకటి మాట్లాడరా, చీకటిగా ఉంది అన్నాడు.

కిటికీ బార్లా తెరిచి ఉంది. మంచం నిండా ఎండ. ఈసారి అతుకెయ్యలేదు, ఎండగానే ఉంది బావా అన్నాను.